బిగ్ ఐలాండ్‌లో ఒక రోజు: కయాకింగ్, స్నార్కెలింగ్, డ్రైవింగ్ – తరచుగా అడిగే ప్రశ్నలు

హవాయిలోని బిగ్ ఐలాండ్‌కి వెళ్తున్నాం అని చెప్పే ప్రతివాళ్లకీ దాదాపు ఇవే సందేహాలు. విడివిడిగా జవాబు చెప్పి చెప్పి, చివరికి అన్నీ ఒకచోట పెట్టాను. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉన్నాయి. మీకు కావలసినది ఎక్కడుంటే అక్కడికే వెళ్లి చదువుకోండి. కయాక్ అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ, స్నార్కెలింగ్ అంటే మాస్కు, ఊపిరి గొట్టం పెట్టుకుని నీటి మీద బోర్లా తేలుతూ కిందికి చూడటం. ఇందులో రోజు కోనా వైపు, అంటే దీవి పడమటి తీరంలో మొదలవుతుంది.

## ప్లాన్ వేసుకునేటప్పుడు

హవాయి అంటే హొనొలులు కదా, మళ్లీ ఈ బిగ్ ఐలాండ్ ఏంటి?

హవాయి రాష్ట్రంలో ప్రధానమైన దీవులు ఎనిమిది. హొనొలులు, వైకీకీ బీచ్ ఉన్నది ఒవాహు అనే దీవిలో. బిగ్ ఐలాండ్ దానికి ఆగ్నేయంగా ఉంటుంది, విమానంలోనే వెళ్లాలి. దీని అసలు పేరే హవాయి. రాష్ట్రానికీ అదే పేరు కాబట్టి అయోమయం రాకుండా అందరూ బిగ్ ఐలాండ్ అంటారు. విస్తీర్ణం సుమారు 10,430 చదరపు కిలోమీటర్లు, మిగతా దీవులన్నీ కలిపినా ఇంత ఉండవు. కొహాలా, మౌనా కియా, హువాలలై, మౌనా లోవా, కిలౌయా అనే ఐదు అగ్నిపర్వతాలు కలిసి కట్టిన దీవి ఇది. పడమట కోనాలో ఒక ఎయిర్‌పోర్టు, తూర్పున హిలోలో ఒకటి ఉన్నాయి. సముద్రం కోసం వచ్చేవాళ్లు కోనాలో దిగడం మేలు.

పొద్దున కయాక్, తర్వాత స్నార్కెలింగ్, సాయంత్రం వోల్కనో. ఒక్క రోజులో అవుతాయా?

అవుతాయి. కానీ ఈ వరస మార్చకూడదు, మధ్యలో నాలుగో పెద్ద ఐటమ్ పెట్టకూడదు. పొద్దున సముద్రం, మధ్యాహ్నం కారు, సాయంత్రం కొండ.

రోజు ఇలా సాగుతుంది. తెల్లవారుతుండగా కోనాలో బయలుదేరితే అరగంటలో కేలాకెకువా బే (నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) దగ్గర ఉంటారు. కయాక్, దాంతోపాటే స్నార్కెలింగ్, రెండూ పదిన్నర పదకొండుకల్లా ముగుస్తాయి. ఏదైనా తిని, పక్కనే ఉన్న హొనౌనౌ అనే చారిత్రక స్థలం చూసుకుని, ఒంటిగంట ప్రాంతంలో 11వ నంబరు హైవే మీద దక్షిణంగా బయలుదేరాలి. హవాయి వోల్కనోస్ నేషనల్ పార్కుకి ఆగకుండా వెళ్తే రెండు గంటల పైచిలుకు పడుతుంది. దారిలో పునలువు నల్ల ఇసుక బీచ్ దగ్గర ఒక గంట. చీకటి పడేదాకా పార్కులో ఉండి, మళ్లీ రెండు గంటలకు పైగా డ్రైవ్ చేస్తే కోనా.

ఆ చివరి రెండు గంటల గురించి ఎవరూ ముందు ఆలోచించరు. పొద్దుటి నుంచి ఎండలో తెడ్డు వేసి, ఉప్పునీళ్లలో ఈది, ఆ తర్వాత వీధిదీపాలు లేని కొండదారిలో రాత్రిపూట స్టీరింగ్ పట్టుకోవాలి. ఈ దీవి మీద లావా గురించి అందరూ టెన్షన్ పడతారు. నన్నడిగితే భయపడాల్సింది అలసటకి. ఆ రాత్రికి పార్కు పక్కనే ఉన్న వోల్కనో ఊళ్లో గానీ హిలోలో గానీ బస పెట్టుకుంటే ఈ రోజంతా తేలికైపోతుంది. అది కుదరకపోతే వోల్కనోని ఇంకో రోజుకి జరపండి. మూడూ చేశామనిపించుకోవడం కన్నా రెండు బాగా చేయడమే నయం.

ఏ నెలలో వెళ్తే సముద్రం బాగుంటుంది?

కోనా తీరానికి అదృష్టం కొండల వల్ల వచ్చింది. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం ఈశాన్యం నుంచి వాణిజ్య పవనాలు వీస్తాయి. మౌనా లోవా, హువాలలై వాటికి అడ్డం నిలబడతాయి కాబట్టి పడమటి వైపు నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. అదే గాలి తూర్పున హిలో మీద వానలు కురిపిస్తుంది.

అయితే చలికాలంలో వాయవ్యం నుంచి, వేసవిలో దక్షిణం నుంచి పెద్ద అలలు వచ్చే రోజులు ఉంటాయి. నెల చూసి నిర్ణయించుకోకుండా ముందు రోజు సాయంత్రం అలల సూచన చూసుకోండి. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలు కూడా ఉంటాయి. వాటికి 100 గజాల దూరంలో ఉండాలన్నది చట్టం.

పొద్దున్నే ఎందుకు? పది గంటలకి తీరిగ్గా మొదలుపెట్టకూడదా?

ఎండెక్కే కొద్దీ నేల వేడెక్కి సముద్రం మీది నుంచి గాలి లోపలికి వీస్తుంది. మధ్యాహ్నానికి నీటి మీద చిన్న అలలు లేస్తాయి. వెళ్లేటప్పుడు అద్దంలా ఉన్న బే, తిరుగు ప్రయాణంలో ఎదురుగాలితో చేతులు లాగేస్తుంది. పొద్దున నీళ్లలో చూపు కూడా బాగా ఆనుతుంది. పార్కింగ్ దొరకడం అదనపు లాభం.

కయాక్ అద్దెకు తీసుకుని సొంతంగా కేలాకెకువా వెళ్లొచ్చా?

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఆ బే 1969 నుంచి సముద్ర జీవ సంరక్షణ ప్రాంతం, ఒడ్డు రాష్ట్ర చారిత్రక పార్కు. బేలో తిరిగే కయాక్‌కి, నిలబడి తెడ్డు వేసే స్టాండప్ ప్యాడిల్ బోర్డుకి కూడా రాష్ట్ర ప్రభుత్వ పర్మిట్ ఉండాలి. అవతలి ఒడ్డున బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ స్మారకం ఉన్న కావలోవాలో కయాక్ దింపాలంటే అనుమతి ఉన్న కొద్ది టూర్ కంపెనీలతోనే వెళ్లాలి. అందుకని మొదటిసారి వెళ్లేవాళ్లు గైడెడ్ టూర్ తీసుకోండి. బుక్ చేసేముందు "మీకు కావలోవాలో దిగే పర్మిట్ ఉందా?" అని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు నాన్చితే ఇంకొకళ్లని చూసుకోండి.

పర్మిట్ గొడవ వద్దనుకుంటే కోనాకి దగ్గర్లో కెయౌహౌ బే నుంచి కూడా కయాక్ టూర్లు ఉన్నాయి. అక్కడ లావా గుహలు, కొండ అంచులు చూపిస్తారు. పగడాలు మాత్రం కేలాకెకువా అంత ఉండవు.

ఇండియా లైసెన్సుతో కారు ఇస్తారా?

లైసెన్సు ఇంగ్లీషులో ఉంటే సాధారణంగా ఇస్తారు. అయినా ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఒకటి తీసుకుని వెంట పెట్టుకోండి, ఒరిజినల్ లైసెన్సు తప్పనిసరి. డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి, డెబిట్ కార్డుతో చాలాచోట్ల కౌంటర్ దగ్గర ఇబ్బంది పెడతారు. 25 ఏళ్ల లోపు వాళ్లకి రోజుకి అదనపు ఛార్జీ పడుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కావాలా?

ఈ రోజుకి అక్కర్లేదు, మామూలు సెడాన్ చాలు. కోనా నుంచి నేషనల్ పార్కు దాకా అంతా మంచి తారు రోడ్డే. జీపు అవసరమయ్యేది మౌనా కియా శిఖరం లాంటి చోట్ల. కానీ అక్కడికి అద్దె బండి తీసుకెళ్లడాన్ని చాలా కంపెనీలు అగ్రిమెంట్‌లోనే నిషేధిస్తాయి. ఫోటోల కోసం గుడ్డ టాపు జీపు తీసుకుంటే సామాను భద్రంగా పెట్టుకునే డిక్కీ ఉండదు. తడిబట్టలు, బ్యాగులతో తిరిగే రోజున అది పెద్ద తలనొప్పి.

## సర్దుకునేటప్పుడు

ఏం బట్టలు వేసుకోవాలి? స్విమ్ సూట్ అలవాటు లేదు.

నిండు చేతుల రాష్ గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా), కాళ్లకి స్విమ్ లెగ్గింగ్స్ వేసుకోండి. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఇదే మంచిది. స్నార్కెలింగ్‌లో బోర్లా తేలుతూ ఉంటారు కాబట్టి వీపు, పిక్కల వెనక భాగం కాలిపోతాయి. నీళ్లు చల్లగా ఉండటంతో అది సాయంత్రం దాకా తెలియదు. కాటన్ టీషర్టు, చుడీదార్ నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, వద్దు. వోల్కనో పార్కు సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉంటుంది, సాయంత్రం వానజల్లు, చలిగాలి మామూలే. ఒక జాకెట్, పొడి సాక్సులు, బూట్లు కారులో ఉండాలి. హవాయి అని చెప్పి చెప్పులతోనే వచ్చి క్రేటర్ (అగ్నిపర్వత బిలం) అంచున వణుకుతూ నిలబడేవాళ్లు ప్రతి సాయంత్రం కనిపిస్తారు.

మంగళసూత్రం, గాజులు, ఉంగరాలు తీసేయాలా?

ఉంగరాలు తప్పకుండా తీసేయండి. చల్లటి నీళ్లలో వేళ్లు కాస్త సన్నబడతాయి, ఉంగరం జారినా తెలియదు. పగడాల సందులో పడితే ఇక దొరకదు. గొలుసు తీయడం ఇష్టం లేకపోతే మెడ దాకా జిప్ ఉన్న రాష్ గార్డ్ లోపల ఉంచుకోండి. లైఫ్ జాకెట్ బకిల్‌కి తగులుకోకుండా చూసుకోవాలి. గాజులు తెడ్డుకి కొట్టుకుంటాయి, అవి గదిలోనే ఉంచడం మంచిది.

ఏ సన్‌స్క్రీన్ కొనాలి? కొన్నిటిని బ్యాన్ చేశారట కదా?

ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలున్న సన్‌స్క్రీన్ అమ్మకాన్ని 2021 జనవరి 1 నుంచి హవాయి రాష్ట్రం నిషేధించింది. అవి పగడాలకు హాని చేస్తాయన్నది కారణం. జింక్ ఆక్సైడ్ ఉన్న మినరల్ సన్‌స్క్రీన్ కొనుక్కోండి. ముఖం తెల్లగా పౌడర్ కొట్టినట్టు కనిపిస్తుంది, పట్టించుకోకండి. నీళ్లలో దిగడానికి పావుగంట ముందే రాసుకోవాలి. నుదుటి మీద మాత్రం తక్కువ రాయండి, అది కరిగి మాస్కులోకి దిగితే కళ్లు మండిపోతాయి.

కళ్లజోడు లేకపోతే ఏమీ కనిపించదు. స్నార్కెలింగ్ దండగేనా?

దండగ కాదు. కళ్లజోడు మీద మాస్కు పెట్టలేం కానీ పవర్ ఉన్న మాస్కులు దొరుకుతాయి, చాలా టూర్లలో అడిగితే ఇస్తారు. మీ పవర్ ముందే చెప్పండి. వాడి పారేసే డైలీ కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని మాస్కు వేసుకోవచ్చు, బయటికి రాగానే తీసేయాలి. కారులో కళ్లజోడు మర్చిపోకుండా ఉండటం ముఖ్యం. సాయంత్రం డ్రైవ్ చేయాల్సింది మీరే కదా.

సముద్రం పడదు, వాంతి మాత్ర వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. బయలుదేరడానికి గంట ముందు వేసుకుంటేనే పనిచేస్తుంది. అయితే ఈ మాత్రల్లో చాలావాటికి మత్తు ఉంటుంది. ఆ రోజు మాత్ర వేసుకున్నవాళ్లు మధ్యాహ్నం స్టీరింగ్ పట్టకూడదు. డ్రైవర్ ఎవరో ముందు రోజే తేల్చుకోండి.

## కయాక్ మీద

ఎప్పుడూ కయాక్ ఎక్కలేదు. బోల్తా పడితే?

ఇక్కడ ఇచ్చేవి పైన కూర్చునే రకం, లోపల ఇరుక్కునే పడవలు కావు. వెడల్పుగా ఉంటాయి, ఊరికే తిరగబడవు. ఎక్కువగా పడేది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, లేచి నిలబడి ఫోటో తీసుకోబోయినప్పుడు. పడితే ముందు తెడ్డు పట్టుకోండి. పడవని తిరగేసి, మధ్యభాగం దగ్గర పొట్ట మీదుగా పాకి, అడ్డంగా పడుకుని, తర్వాత మెల్లగా తిరిగి కూర్చోవాలి. బయలుదేరేముందు ఒడ్డు దగ్గరే ఒకసారి కావాలని పడి ఎక్కి చూస్తే సగం భయం పోతుంది.

అమెరికా కోస్ట్ గార్డ్ నియమం ప్రకారం కయాక్‌లో ప్రతి మనిషికీ ఒక లైఫ్ జాకెట్ ఉండాలి, 13 ఏళ్ల లోపు పిల్లలు వేసుకునే ఉండాలి. పెద్దలకి వేసుకోవాలన్న నిర్బంధం లేకపోయినా వేసుకోండి.

ఇద్దరం ఒకే కయాక్‌లో వెళ్తే గొడవ పడకుండా ఎలా నడపాలి?

ముందు కూర్చున్నవాళ్లు లయ ఇస్తారు, వెనక ఉన్నవాళ్లు ఆ లయని అనుసరిస్తూ దిశ చూస్తారు. బరువైనవాళ్లు వెనక కూర్చోవాలి. ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి సలహాలు ఇవ్వకూడదు. భార్యాభర్తలకి ఈ ఒక్క నియమం చాలు. తెడ్డుని చేతులతో లాగకుండా నడుము తిప్పుతూ వేస్తే భుజాలు నొప్పెట్టవు.

బే దాటడానికి ఎంత దూరం? దారిలో ఏం చూస్తాం?

ఇవతలి ఒడ్డున ఉన్న నాపోపో వైపు నుంచి కావలోవా దాకా సుమారు ఒక మైలు. తీరిగ్గా వెళ్తే అరగంట, నలభై నిమిషాలు. కుడివైపు నిట్టనిలువుగా లేచిన కొండ గోడ ఉంటుంది. మౌనా లోవా పక్కభాగం పూర్వం విరిగి సముద్రంలోకి జారినప్పుడు ఏర్పడిన గోడ అది. దాని గుహల్లో పాతకాలపు హవాయి ప్రభువుల అస్థికలు దాచారు, అందుకే అది స్థానికులకి పవిత్ర స్థలం. రాళ్లు కూడా రాలుతుంటాయి, గోడ కిందికి పోకండి.

అవతలి ఒడ్డున తెల్లటి స్తంభం కెప్టెన్ జేమ్స్ కుక్ స్మారకం. 1779 ఫిబ్రవరి 14న ఇక్కడి ఒడ్డునే ఆయన చనిపోయాడు. దొంగతనానికి గురైన పడవ గురించి మొదలైన తగాదాలో, ఇక్కడి అధిపతి కలనియోపుని బందీగా పట్టుకెళ్లబోతే జనం తిరగబడ్డారు. స్తంభాన్ని 1874లో కట్టారు. గైడ్‌ని అడిగితే ఈ కథ హవాయివాళ్ల వైపు నుంచి ఎలా ఉంటుందో చెబుతాడు. స్తంభం మీది రాతల కన్నా అదే వినదగ్గది.

డాల్ఫిన్లు కనిపిస్తే దగ్గరికి వెళ్లొచ్చా?

వెళ్లకూడదు. ఈ బేలోకి వచ్చేవి స్పిన్నర్ డాల్ఫిన్లు. రాత్రంతా లోతు నీళ్లలో వేటాడి పగలు ఇలాంటి బేల్లో నిద్రపోతాయి. మెల్లగా గుంపుగా తిరుగుతున్నాయంటే అవి విశ్రాంతిలో ఉన్నాయని అర్థం. తీరం నుంచి రెండు నాటికల్ మైళ్ల లోపల వాటికి 50 గజాల కన్నా దగ్గరికి పోకూడదని 2021లో ఫెడరల్ నియమం వచ్చింది. ఈదేవాళ్లకీ కయాక్‌కీ కూడా ఇదే వర్తిస్తుంది. అవే మీ వైపు వస్తే తెడ్డు ఆపి చూస్తూ ఉండండి, వెంటపడకండి.

## నీళ్లలో

ఈత రాదు. స్నార్కెలింగ్ చేయొచ్చా?

లైఫ్ జాకెట్‌తో, గైడ్ పక్కన ఉండగా, ప్రశాంతమైన నీళ్లలో తేలుతూ చూడొచ్చు. కానీ మొదటిసారి కుక్ స్మారకం దగ్గర వద్దు. అక్కడ పగడాల గట్టు దాటిన కొద్ది దూరంలోనే లోతు ఒక్కసారిగా పడిపోతుంది. కింద నీలం తప్ప ఏమీ కనిపించని ఆ క్షణంలో ఈత రానివాళ్లకి గుండె దడ పుడుతుంది. కోనాకి దగ్గరగా కహలువు బీచ్ పార్కు ఉంది. లోతు తక్కువ, లైఫ్‌గార్డులు ఉంటారు. ముందు రోజు అక్కడ గంటసేపు మాస్కుతో ఊపిరి పీల్చడం అలవాటు చేసుకుని తర్వాత బేకి వెళ్లండి.

నాకు ఈత బాగా వచ్చు. మరి ప్రమాదాలు ఎందుకు జరుగుతాయి?

ఈత వచ్చినవాళ్లకీ జరుగుతాయి, అందుకే ఈ జవాబు కాస్త పెద్దది. హవాయికి వచ్చే టూరిస్టులు సముద్రంలో మునిగి చనిపోయిన ఘటనల్లో మిగతా పనులన్నిటికన్నా తరచుగా కనిపించేది స్నార్కెలింగే. అందులో చాలావాటిలో కేకలు, చేతులు ఊపడాలు ఉండవు. మనిషి తేలుతూనే ఉంటాడు, పక్కవాళ్లు చేపలు చూస్తున్నాడనుకుంటారు.

దీని మీద హవాయిలోనే ఒక అధ్యయనం జరిగింది. గొట్టంలోంచి గట్టిగా గాలి లాగాల్సి రావడం, దాని మీద శ్రమ తోడవడం వల్ల కొందరికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి రక్తంలో ఆక్సిజన్ పడిపోతుందని అది చెప్పింది. నీళ్లు మింగకుండానే ఇది జరగొచ్చు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లకి, మధ్యవయసు దాటినవాళ్లకి ముప్పు ఎక్కువ.

చేయాల్సింది ఇది. గాలి సులువుగా ఆడే సాదా స్నార్కెల్ ఎంచుకోండి. కాళ్లు అందే చోట మొదలుపెట్టండి. పరుగు పందెంలా ఈదకండి. అనుకోకుండా ఆయాసం వచ్చినా, ఒంట్లో సత్తువ పోయినట్టు అనిపించినా ఆ క్షణమే స్నార్కెల్ తీసేసి, వెల్లకిలా తిరిగి, సాయం అడిగి ఒడ్డుకి వచ్చేయాలి. "కాసేపు చూద్దాం" అనుకోకూడదు. జంటగానే దిగండి, నిమిషానికోసారి తలెత్తి పక్కమనిషిని చూడండి. ముఖమంతా కప్పే ఫుల్ ఫేస్ మాస్కు సులువుగా కనిపిస్తుంది కానీ ఊపిరి ఆడనప్పుడు నోట్లోని గొట్టాన్ని ఉమ్మేసినట్టు దాన్ని తీసేయలేం. నేనైతే దాన్ని ఎవరికీ సిఫారసు చేయను.

మాస్కులోకి నీళ్లు వస్తూనే ఉన్నాయి. మీసం వల్లనా?

చాలావరకు మీసమే. ముక్కు కింద సిలికాన్ అంచు చర్మానికి అతుక్కోవాలి, వెంట్రుకలు అడ్డం వస్తే సన్నగా కారుతుంది. ముక్కు కింద పలచగా ఒక గీత గీసుకుంటే సరిపోతుంది, మొత్తం తీసేయక్కర్లేదు. అదీ ఇష్టం లేకపోతే సిలికాన్ గ్రీజు కొంచెం రాయండి. ఆడవాళ్లయితే నుదుటి దగ్గర జుట్టు పాయలు మాస్కు లోపల చిక్కుకున్నాయేమో చూసుకోవాలి. పట్టీ బిగించే కొద్దీ బాగుపడుతుందనుకుంటారు, నిజానికి అతిగా బిగిస్తే అంచు వంగి ఇంకా కారుతుంది. మసక పట్టకుండా లోపల బేబీ షాంపూ చుక్క రుద్ది కడిగేయండి.

నీళ్లు ఉన్నట్టుండి మసకగా, చల్లగా ఎందుకు మారుతున్నాయి?

లావా రాయి జల్లెడ లాంటిది. కొండ మీద కురిసిన వాన ఇంకిపోయి భూమి లోపలి నుంచి వచ్చి ఒడ్డున సముద్రంలో ఊటలా కలుస్తుంది. చల్లటి మంచినీళ్లు తేలికగా ఉంటాయి కాబట్టి ఉప్పునీళ్ల మీద పొరలా నిలుస్తాయి. రెండూ కలిసేచోట చూపు నూనె రాసిన అద్దంలోంచి చూసినట్టు అవుతుంది. మాస్కు పాడవలేదు. కాస్త లోతుకో, ఇంకో నాలుగు గజాలు పక్కకో వెళ్తే తేటపడుతుంది. వాన ఇలా ఇంకిపోవడం వల్లే కోనా వైపు మట్టి మోసుకొచ్చే పెద్ద నదులు లేవు. నీళ్లు అంత నిర్మలంగా ఉండటానికి కారణం అదే.

టూ స్టెప్ అంటే ఏంటి? అక్కడ బీచ్ ఉందా?

హొనౌనౌలో సముద్రంలోకి దిగే చోటు అది. ఇసుక లేదు, నల్లటి లావా బండే. ఆ బండకి సహజంగా ఏర్పడిన రెండు మెట్లున్నాయి కాబట్టి ఆ పేరు. కూర్చుని ఫిన్స్ (ఈతకి కాళ్లకి తొడిగే రెక్కలు) తొడుక్కుని, అల పైకి వచ్చినప్పుడు దానితో పాటు జారాలి. ఎక్కేటప్పుడు కూడా అల మిమ్మల్ని లేపేదాకా ఆగాలి. మెట్ల పక్క సందుల్లో నల్లటి ముళ్లతో సముద్రపు ఉర్చిన్లు ఉంటాయి, చేయి ఎక్కడ పెడుతున్నారో చూసి పెట్టండి.

పక్కనే పుహొనువా ఓ హొనౌనౌ నేషనల్ హిస్టారికల్ పార్కు ఉంది. పూర్వం కపు అనే కట్టుబాటు మీరినవాళ్లకి మరణశిక్ష ఉండేది. పారిపోయి ఈ ఆవరణలోకి చేరుకుంటే ప్రాణం దక్కేది. సుమారు 300 మీటర్ల పొడవున రాతిగోడ ఉంది, రాళ్ల మధ్య సున్నం లేదు. కారుకి 20 డాలర్లు, ఆ టికెట్ ఏడు రోజులు చెల్లుతుంది. పార్కు లోపలి చిన్న కోవ్‌లో (బుల్లి బేలో) స్నార్కెలింగ్ చేయకూడదు.

పగడాల మీద నిలబడితే ఏమవుతుంది?

పగడం ప్రాణి. ఒక్క అడుగు పడితే ఏళ్ల తరబడి పెరిగినది విరిగిపోతుంది, మీ కాలూ తెగుతుంది. అలసిపోతే వెల్లకిలా తేలండి. గాయమైతే మంచినీళ్లు, సబ్బుతో బాగా కడగాలి, పగడం గాయాలు తొందరగా చీము పడతాయి. చేపలకి మేత వేయకండి. తాబేళ్లకి పది అడుగుల దూరంలో ఉండండి.

## కారులో

కారులో సామాను వదిలి నీళ్లలోకి వెళ్తే భద్రమేనా? తాళం ఎక్కడ పెట్టాలి?

బీచ్ పార్కింగుల్లో అద్దె కార్ల అద్దాలు పగలగొట్టడం హవాయిలో కొత్తేమీ కాదు. పాస్‌పోర్టు, ల్యాప్‌టాప్ హోటల్లోనే ఉంచండి. డిక్కీలో పెట్టాల్సినవి పార్కింగ్‌కి రాకముందే పెట్టేయండి, అందరి ముందు డిక్కీ తెరిచి సర్దడం అంటే చిరునామా ఇచ్చినట్టే. ఇప్పటి కార్ల ఎలక్ట్రానిక్ తాళం తడిస్తే పనిచేయదు. గట్టిగా మూసుకునే వాటర్‌ప్రూఫ్ సంచిలో వేసి, ముందు సింకులో ముంచి పరీక్షించి, నడుముకి కట్టుకోండి. టూర్ అయితే గైడ్ దగ్గర పొడి డబ్బా ఉంటుంది.

డ్రైవింగ్‌లో కొత్తగా ఏం గుర్తుపెట్టుకోవాలి?

రోడ్డుకి కుడివైపు నడపాలి, వేగం మైళ్లలో. 55 అని బోర్డు ఉంటే గంటకి సుమారు 88 కిలోమీటర్లు. స్టాప్ బోర్డు దగ్గర చక్రం పూర్తిగా ఆగాలి. వెనక సీట్లోవాళ్లకి కూడా బెల్టు తప్పనిసరి, చిన్నపిల్లలకి కార్ సీటు ఉండాలి. హారన్ కొడితే తిట్టినట్టు లెక్క. వెనక బండ్లు పేరుకుపోతే పక్కకి తీసి దారి ఇవ్వండి, చేయి ఊపి వెళ్తారు.

బేకి దిగే నాపోపో రోడ్డు ఇరుకు, వంపులు ఎక్కువ. దక్షిణంగా వెళ్లే కొద్దీ బంకులు తగ్గుతాయి, కోనా వైపే ట్యాంకు నింపుకోండి. ఫోన్ సిగ్నల్ మధ్యమధ్య పోతుంది కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

దారి పొడవునా ఈ నల్ల బండలేంటి?

ఒక్కొక్కటీ ఒక్కో ఏడాది పారిన లావా. కోనా ఎయిర్‌పోర్టు రన్‌వే ఉన్నది హువాలలై నుంచి 1801లో వచ్చిన లావా మీద. కేలాకెకువా నుంచి దక్షిణంగా వెళ్తే 11వ నంబరు హైవే 1950 నాటి మౌనా లోవా ప్రవాహాలని దాటుతుంది. ఆ ఏడాది లావా కొన్ని గంటల్లోనే రోడ్డు దాటి సముద్రంలో పడింది. అదే మౌనా లోవా 1984 తర్వాత మళ్లీ 2022 నవంబర్‌లో పేలింది. పాకంలా మెలికలు తిరిగి నున్నగా ఉన్నది పాహోయిహోయి, గరుకుగా పెళ్లలుగా ఉన్నది ఆఆ. రెండోదాని మీద పడితే మోకాలు చీరుకుపోతుంది, దాని మీద నడవకండి.

దారిలో తినడానికి ఏం దొరుకుతుంది? శాకాహారులం.

కెప్టెన్ కుక్ ఊరి దగ్గర కాఫీ తోటలు, పండ్ల దుకాణాలు ఉంటాయి. దుకాణాల్లో అన్నం ముద్దకి నోరి అనే సముద్రపు నాచు ఆకు చుట్టి ఉంచే ముసుబిలో సాధారణంగా స్పామ్ అనే డబ్బా మాంసం ఉంటుంది, చూసి కొనండి. నాలేహు ఊళ్లో మలసాడా అనే నూనెలో వేయించిన తీపి వంటకం ప్రసిద్ధి, అందులో గుడ్డు ఉంటుంది. గుడ్డు కూడా తిననివాళ్లు కోనాలోనే ఏదైనా కట్టించుకోండి, దక్షిణాన ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు.

పొద్దున స్కూబా చేసి సాయంత్రం కొండ ఎక్కొచ్చా?

స్నార్కెలింగ్ చేసినవాళ్లకి ఇబ్బంది లేదు. ఆక్సిజన్ ట్యాంకు అని మనం అనుకునే ఆ గాలి సిలిండర్‌తో లోతుకి డైవ్ చేసినవాళ్లు మాత్రం అదే రోజు ఎత్తుకి పోకూడదు. రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉంది. మౌనా కియా శిఖరం 4,207 మీటర్లు, హిలోకి అడ్డదారిగా వెళ్లే సాడిల్ రోడ్డు కూడా సుమారు 2,000 మీటర్లకు లేస్తుంది. డైవ్ మాస్టర్‌కి మీ దారి చెప్పి, ఎన్ని గంటలు ఆగాలో అడగండి.

## వోల్కనో దగ్గర, తిరుగు దారిలో

వెళ్తే లావా కచ్చితంగా కనిపిస్తుందా?

కచ్చితం అని ఎవరు చెప్పినా నమ్మకండి. కిలౌయా శిఖరం మీది హలెమౌమౌ బిలంలో 2024 డిసెంబర్ 23న మొదలైన విస్ఫోటం విడతలు విడతలుగా సాగింది. లావా కొన్ని గంటలు ఫౌంటెన్‌లా ఎగజిమ్మి, మళ్లీ రోజుల తరబడి ఆగిపోతుంది. యూఎస్ జియలాజికల్ సర్వే రోజూ సమాచారం పెడుతుంది, వెబ్‌కామ్‌లు కూడా ఉన్నాయి. బయలుదేరేముందు చూసుకోండి. లావా లేకపోయినా బిలం, ఆవిరి గుంటలు, లావా సొరంగం చూడదగ్గవే. ప్రవేశం కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. పార్కు 24 గంటలూ తెరిచే ఉంటుంది.

ఆస్తమా ఉంది, గాలి పడుతుందా?

విస్ఫోటం ఉన్నప్పుడు సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. అది గాలిలో మారి పొగమంచులా కమ్మేదాన్ని వాగ్ అంటారు. గాలి చుట్టూ తిరిగి వీచడం వల్ల ఒక్కోసారి దూరంగా ఉన్న కోనాలో కూడా మసక పడుతుంది. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు ఆవిరి గుంటల దగ్గర నిలబడొద్దు. ఇన్‌హేలర్ కారులో కాకుండా జేబులో ఉండాలి.

గుర్తుగా ఒక లావా రాయి, కొంచెం నల్ల ఇసుక తెచ్చుకోవచ్చా?

వద్దు. నేషనల్ పార్కులో రాయి తీసుకోవడం నేరం, పునలువు ఇసుక తీసుకెళ్లడం కూడా చట్టవిరుద్ధం. అగ్నిదేవత పెలే ఆగ్రహిస్తుందని భయపడి రాళ్లని పోస్టులో తిప్పి పంపేవాళ్లు ఉన్నారు. ఆ రాళ్లని మళ్లీ ఎక్కడ పెట్టాలో తెలియక ఉద్యోగులకి తలనొప్పి.

ఉన్నట్టుండి సైరన్ మోగింది. సునామీనా?

ప్రతి నెలా మొదటి పనిదినం 11:45కి రాష్ట్రమంతా సైరన్ పరీక్షిస్తారు. ఆ సమయమైతే కంగారు అక్కర్లేదు. వేరే ఏ సమయంలో మోగినా, లేదా నిలబడలేనంతగా భూమి కంపించినా సామాను వదిలేసి ఎత్తుకి వెళ్లండి.

రాత్రి కోనాకి తిరిగి వచ్చేటప్పుడు ఏ దారి మంచిది?

రెండున్నాయి. వచ్చిన దారే అయితే దక్షిణం చుట్టి వంపులతో సుమారు 96 మైళ్లు. హిలోకి దిగి సాడిల్ రోడ్డు ఎక్కితే దూరం కొంచెం ఎక్కువైనా రోడ్డు వెడల్పు, వంపులు తక్కువ. నేను సాడిల్ రోడ్డుకే ఓటేస్తాను, కాకపోతే పైన పొగమంచు, వాన ఉన్న రాత్రి కాదు. ముందుగా హిలోలో పెట్రోలు పోయించుకోండి, పైన బంకు లేదు. ఏ దారైనా అడవి పందులు, మేకలు అడ్డం వస్తాయి. కళ్లు మూతపడుతుంటే కిటికీ తెరవడం, పాటలు పెట్టడం పనిచేయవు. భద్రమైన చోట ఆపి ఇరవై నిమిషాలు నిద్రపోండి, లేదా స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వండి.